చక్రము మీది చేయి



మోటారు బండిలో మాట వినిపించుట క్రొత్త సంగతి కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ కారులో బిగించు రేడియోను బజారునకు తెచ్చి దానికి మోటరోలా అని పేరు పెట్టినది. 1946 జూన్ 17న సెయింట్ లూయీ నగరములో కారునుండి టెలిఫోను చేయు సౌకర్యము ప్రజలకు లభించినది. ఆనాటి యంత్రము బరువు సుమారు 36 కిలోలు. దానిని చేతితో మోయుట కల్ల. కారే దానిని మోయవలసి యుండెను. 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలువబడి, చేతపట్టిన టెలిఫోనుతో మాటలాడెను. మన దేశములో మొదటి మొబైలు సంభాషణ 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు గారు, ఢిల్లీనుండి సుఖరామ్ గారు జరిపిరి.

కారులో పుట్టిన ఫోను ఈ విధముగా చేతిలోనికి వచ్చినది. చేతిలోనికి వచ్చిన పిదప చేయిని వదలుట లేదు. నడుపుచున్నవాని చేతినుండి దానిని విడిపించి, మరల కారునకే అప్పగింపవలసిన పని ఇప్పుడు మనకు పడినది. ఆ పని ఎట్లు చేయవలెనో, ఎంతవఱకు చేయవచ్చునో, చేసిన పిదప కూడ ఏది మిగిలిపోవునో, ఈ మూడును నేటి ప్రసంగములో చెప్పఁదలచినాము.

చోడవరము ప్రాంతపు శ్రోతలను మనసులో నుంచుకొని దీనిని వ్రాసితిమి. చోడవరము 2022 ఏప్రిల్ 4 వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. నాటినుండి అనకాపల్లి జిల్లాలోనిది. జిల్లా పేరు మారినను దారులు మారలేదు. భీమునిపట్నమునుండి నర్సీపట్నమునకు పోవు రోడ్డు, జనులు బి.ఎన్. రోడ్డు అని పిలుచునది, ఈ ఊరి మీదుగానే పోవును. అనకాపల్లి బెల్లము మార్కెట్టునకు పోవువారు, విశాఖలోని కింగు జార్జి ఆసుపత్రికి రోగిని తీసికొని పోవువారు, వడ్డాది మీదుగా పాడేరు కొండ లెక్కువారు, అందఱును ఈ దారులవెంటనే పోవుదురు. చెఱకు కోతల కాలములో వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డు వారగా సైకిళ్ళపై బడిపిల్లలు, చెప్పకుండ దాటు గేదెలు, అద్దాల కడ్డముగా మంచు. ఇట్టి దారిలో జేబులోని ఫోను మ్రోగినచో ఎడమచేయి చక్రమును వదలి జేబులోనికి పోవుట మనము నిత్యము చూచుచున్నదే.

లెక్క చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకండులో సుమారు 17 మీటర్లు పోవును. ఎవరు పిలుచుచున్నారో చూచుటకు మూడు సెకండ్లు పట్టినదనుకొనుడు; బండి 50 మీటర్లు నడపువాడు లేకయే పోయినట్లు. 50 మీటర్లన్నచో చిన్న పల్లెలో బస్సు ఆగుచోటు, టీ దుకాణము, బడి గుమ్మము ఈ మూడును పట్టు దూరము. దేశము మొత్తముమీద, నడుపుచు ఫోను వాడుట వలన 2021లో 1,997 ప్రమాదములు జరిగి 1,040 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. పోలీసులు కారణము తెలిసికొని వ్రాసికొన్నవి మాత్రమే ఇవి. ఫోను చేతిలో నుండెనని ఒప్పుకొనువారు ఎందఱుందురో శ్రోతలే ఊహింపవచ్చును.

ఇక విషయములోనికి వత్తము. పట్టణములందు పాత కారు కొని ఊరికి తెచ్చుకొను కుటుంబములు నేడు పెక్కు. కొన్ని కార్లకు స్టీరింగు చక్రము మీదనే శబ్దము పెంచుటకు, తగ్గించుటకు, ఫోను ఎత్తుటకు, పెట్టివేయుటకు మీట లుండును. కారుతో వచ్చిన స్టీరియో చెడిపోయినదనియో, దానిలో బ్లూటూత్ లేదనియో తీసివేసి, బజారులో క్రొత్త స్టీరియో కొని పెట్టించుకొందురు. పాట వచ్చును, ఫోను కలియును. కాని చక్రము మీది మీటలు మాత్రము మూగవోవును. పిలుపు వచ్చినప్పుడు నడపువాడు వంగి, స్టీరియో అద్దము మీద బొమ్మను వేలితో వెదకవలసి వచ్చును. ఫోనును చేతినుండి తప్పించితిమి గాని కంటినుండి తప్పింపలేదు. ఆ మీటలకు మరల ప్రాణము పోయుటయే నేటి మన పని.

మొదట బ్లూటూత్ సంగతి రెండు మాటలు. ఫోనునకు, స్టీరియోకు నడుమ తీగ లేకుండ మాటను చేరవేయు చిన్న రేడియో అది. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డు బిరుదము మీద ఆ పేరు పెట్టిరి. దాని మొదటి నిబంధనావళి 1999లో వెలువడినది. మా కేంద్రములవలె ఒక్క తరంగము మీద నిలువక, అది 79 మార్గముల నడుమ సెకండునకు 1,600 సారులు గంతులు వేయుచు పోవును. అందుచేతనే ప్రక్క కారులోని ఫోను మన మాటకు అడ్డురాదు. ఇందు గమనింపవలసిన దొకటి కలదు. బ్లూటూత్‌లో పాటకు ఒక ఏర్పాటు, ఫోను మాటకు వేఱొక ఏర్పాటు. పాటలు చక్కగా వచ్చుచున్నవి గదా అని ఫోను కూడ సిద్ధమైనదనుకొనరాదు. జత చేయునప్పుడు ఫోనులోని అమరికలలో ‘కాల్స్’ అనునది కూడ అనుమతించినామా అని చూచుకొనవలెను.

ఇప్పుడు మీటల మర్మము. చక్రము మీద ఆఱు మీటలున్నచో ఆఱు తీగలు లోనికి పోవుననుకొందుము. చాల కార్లలో అట్లు కాదు. రెండే తీగలు పోవును. ప్రతి మీట వెనుకను ఒక్కొక్క విలువగల నిరోధకము, వాడుకలో రెసిస్టరు, ఉండును. స్టీరియో ఆ తీగలోనికి కొద్దిపాటి విద్యుత్తును పంపి, తిరిగి వచ్చిన వోల్టేజిని బట్టి ఏ మీట నొక్కిరో పోల్చుకొనును. ఉదాహరణ చెప్పుదుము. స్టీరియో లోపల 5 వోల్టులు, 1,000 ఓముల రెసిస్టరు ఉన్నవనుకొనుడు. నొక్కిన మీట వెనుక 250 ఓములున్నచో తీగ మీద 1 వోల్టు కనబడును. 1,000 ఓములున్నచో రెండున్నర వోల్టులు. 4,000 ఓములున్నచో 4 వోల్టులు. ఏ మీటయు నొక్కనిచో 5 వోల్టులు అట్లే నిలుచును. ఒక ఇంటి తలుపు తట్టు తీరును బట్టి వచ్చినవా రెవరో లోపలివారు పోల్చుకొనునట్లన్నమాట. తలుపు ఒక్కటే, తట్టు తీరులు పెక్కు.

క్రొత్త స్టీరియోకు ఈ తట్టు తీరులు తెలియవు. కనుక నేర్పవలెను. బజారులో దొరకు పెక్కు స్టీరియోల వెనుక ‘కీ వన్’, ‘కీ టూ’ అని పేరు వ్రాసిన రెండు సన్నని తీగ లుండును. కారు కప్లర్‌లో మీటలనుండి వచ్చు తీగను వీనిలో నొకదానికి, రెండవ తీగను భూమికి, అనగా ఎర్తునకు, కలుపవలెను. కొన్ని కార్లలో చక్రపు ఎడమవైపు మీటలకు ఒక తీగ, కుడివైపు మీటలకు ఒక తీగ వేఱుగా వచ్చును. అప్పుడు రెండు ‘కీ’లును వినియోగపడును. పిదప స్టీరియో అమరికలలో స్టీరింగు మీటలను నేర్పు చోటునకు పోయి, ‘శబ్దము పెంచు’ బొమ్మను ముట్టి, చక్రము మీద ఆ మీటను రెండు మూడు సెకండ్లు నొక్కి పట్టవలెను. అట్లే ఒక్కొక్కటి. చాలచోట్ల బిగించువారు శబ్దమునకును, పాట మార్చుటకును మీటలు నేర్పి, పని యయినదని చేతులు దులుపుకొందురు. ఫోను ఎత్తు మీట, పెట్టివేయు మీట, ఈ రెండును నేర్పినారా అని అడిగి, దుకాణము ముందు బండి ఆగియుండగనే ఇంటికొక పిలుపు చేసి, పరీక్షించి తీసికొనుడు. మన కసలు కావలసినవి ఆ రెండే గదా.

ఏ తీగ ఏదో తెలియుటెట్లు? ఊహతో కాదు, మల్టీమీటరుతో. తాళపుచెవి తీసివేసి, పాత స్టీరియో కప్లర్ ఊడదీసి, మీటరును ఓముల మీద నుంచి, అనుమానమున్న తీగకును ఎర్తునకును నడుమ చూడవలెను. ఒకరు చక్రము మీద మీటలు ఒక్కొక్కటే నొక్కుచుండగా, మీటరులో అంకె మీటకొక తీరున మారినచో అదియే మన తీగ. అంకెలను ఒక కాగితము మీద వ్రాసి కారు పుస్తకములో నుంచుకొన్నచో మఱొక స్టీరియో మార్చినప్పుడు ఉపకరించును. అంకె నిలకడ లేక గంతులు వేసినచో మీటల కింద ధూళి పట్టినదనియో, ఎర్తు సరిగా అందలేదనియో గ్రహింపవలెను.

ఎన్ని మీటలు నొక్కినను అంకె మారనిచో ఆ కారు వేఱు జాతిది. 1980లలో జర్మనీలోని బాష్ సంస్థ కారు లోపలి యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు రెండు పెనవేసిన తీగల పద్ధతిని కనిపెట్టి, 1986లో లోకమునకు ప్రకటించినది. దానిని క్యాన్ బస్ అందురు. ఈ పద్ధతి గల కార్లలో మీటను నొక్కినపుడు వోల్టేజి మెట్లు కాక, అంకెల సందేశము ఒకటి ఆ తీగల మీద పోవును. మన రెండు ‘కీ’ తీగలకు ఆ భాష తెలియదు. అందుకు ఆ కారు నమూనాకు తగిన అనువాదకుడు, అనగా క్యాన్ అడాప్టరు అను చిన్న పెట్టె, కావలెను. అది ఒకవైపు కారు భాష విని, మఱియొకవైపు స్టీరియోకు తెలిసిన భాషలో చెప్పును. అడాప్టరు లేకుండ ఈ తీగలను కోసి ఎచ్చటనో అతికించుట మాత్రము మిక్కిలి ప్రమాదము. పెక్కు కార్లలో ఇంజను, బ్రేకులు, ఎయిర్ బ్యాగులు కూడ ఇట్టి తీగల మీదనే తమ సమాచారములు చెప్పుకొనును. పాట కొఱకు చేసిన కోత బ్రేకు దీపమును వెలిగింపవచ్చును.

విద్యుత్తు ఎచ్చటినుండి తీసికొనవలెను? బజారు స్టీరియోలలో సాధారణముగా పసుపుపచ్చ తీగ ఎల్లప్పుడును బ్యాటరీతో నుండునది, ఎఱ్ఱతీగ తాళము త్రిప్పినప్పుడు మాత్రము విద్యుత్తు వచ్చునది, నల్లతీగ ఎర్తు. కారువైపు తీగలకు ఈ రంగులే ఉండవలెనన్న నియమము లేదు; మీటరుతో చూచియే కలుపవలెను. విడిగా అమ్ము హ్యాండ్స్‌ఫ్రీ పెట్టెలను ఎల్లప్పుడును విద్యుత్తు వచ్చు తీగకు కలిపినచో రాత్రులందు కూడ అది మేలుకొని యుండి బ్యాటరీని త్రాగివేయును. పొలము పనులలో పడి నాలుగు దినములు బండి తీయనివాడు అయిదవనాడు తోయింపవలసి వచ్చును. ఫ్యూజు లేకుండ ఏ తీగయు కలుపరాదు. కారు తీగలను కోయుటకు మాఱుగా, ఆ కారునకు సరిపోవు కప్లర్ జత కొని నడుమ తగిలించుట ఉత్తమము. అతుకు గట్టిగా నుండును, మరల ఊడదీయవచ్చును, క్రొత్త కారైనచో వారంటీకి చిక్కు రాదు. చోడవరములో దొరకనిచో అనకాపల్లిలోనో, విశాఖలోనో అడిగి తెప్పించుకొనవచ్చును. రెండు దినములు ఆగుటకు బద్ధకించి తీగ కోయనీయకుడు.

మైకు సంగతి మాకు తెలిసినది కనుక కొంచెము విస్తరించి చెప్పుదుము. మేము వృత్తిరీత్యా మైక్రోఫోను ముందు కూర్చుండువారము. స్టూడియోలో మైకు తెఱచినంతనే ఆ గదిలోని లౌడుస్పీకరు నోరు మూసికొనును. అట్లు కానిచో స్పీకరు మాట మైకులోనికి, మైకు మాట స్పీకరులోనికి తిరిగి తిరిగి కూత పుట్టును. కారులో స్పీకరును మూయుటకు వీలులేదు. అవతలివారి మాట దానినుండియే గదా రావలెను. అందుచేత స్టీరియో లోపల ప్రతిధ్వనిని తీసివేయు ఏర్పాటు ఉండును. మైకును స్పీకరు ప్రక్కనే పెట్టినచో అది చేతులెత్తును. ఏ.సి. గాలి వచ్చు రంధ్రము ముందు పెట్టినచో అవతలివారికి తుపాను వినబడును. ఎండ కడ్డము దించుకొను పలక దగ్గఱగానో, చక్రము వెనుక మీటర్ల పైననో, నోటికి ఒక మూర దూరములో, గాలి తగులని చోట పెట్టుట మంచిది. ఆ మైకు తీగను ముందు అద్దము ప్రక్క స్తంభములోనుండి దింపునప్పుడు అందులో ప్రక్క ఎయిర్ బ్యాగు మడిచి పెట్టి యున్నదేమో చూచుకొనవలెను. ఉన్నచో తీగ దానిమీదుగా పోరాదు. మైకు సరిగా లేనిచో ఏమగును? అవతలివారు “ఏటీ? ఇనబడలేదు” అని మరల మరల అడుగుదురు. నడపువాడు గొంతు పెంచును, చికాకు పడును, కన్ను రోడ్డు మీద నున్నను చూపు అచ్చట నుండదు. మంచి మైకు సుఖము కొఱకు కాదు, సంభాషణ త్వరగా ముగియుట కొఱకు.

ఇక చేయరాని పని. చక్రము మీద మీటలు లేని కారు కొన్నవారు, పై రకము కారు మీటలు తెచ్చి పెట్టించుకొందమని ఆశపడుదురు. మీటలు పెట్టుటకు చక్రము నడుమనున్న ఎయిర్ బ్యాగును ఊడదీయవలెను. మన దేశములో 2019 జూలై 1 నుండి తయారగు ప్రతి క్రొత్త కారునకును నడపువాని ఎయిర్ బ్యాగు తప్పనిసరి. అది చిన్న మందుగుండు సామాను వంటిది. తాకిడి తగిలినంతనే కనుఱెప్పపాటులో పేలి నిండును. దాని తీగలకు, కప్లర్లకు పసుపుపచ్చ రంగు వేసి యుంచుదురు. ఆ రంగు కనబడినచో చేయి వెనుకకు తీయుడని అర్థము. ఆ తీగల మీద మల్టీమీటరు కూడ పెట్టరాదు. మీటరు పంపు కొద్ది విద్యుత్తే దానిని పేల్పవచ్చును. తెలిసినవారు కూడ మొదట బ్యాటరీ ఎర్తు తీగను ఊడదీసి, ఆ కారు పుస్తకములో చెప్పినంతసేపు ఆగి, పిదపనే దానిని తాకుదురు.

ఆ ఎయిర్ బ్యాగు వెనుక మఱియొక సూక్ష్మమైన భాగము కలదు; దానిని క్లాక్ స్ప్రింగు అందురు. చక్రము తిరుగుచుండును, దాని కింది స్తంభము తిరుగదు. నడుమ తీగ మెలిపడి తెగకుండ, గడియారపు స్ప్రింగువలె చుట్టిన పలుచని పట్టీ తీగ ఒకటి ఆ భాగములో నుండి, చక్రముతో విప్పుకొనుచు చుట్టుకొనుచు నుండును. హారన్, ఎయిర్ బ్యాగు, మీటలు అన్నియు దాని గుండనే పోవును. దానిని తీసి నడిమి గుర్తునకు కాక ఒక చుట్టు అటునిటు పెట్టినచో, దుకాణము దాటునంతవఱకు అన్నియు బాగుగనే యుండును. మలుపులో చక్రమును పూర్తిగా త్రిప్పినపుడు ఆ పట్టీ తెగును. పాడేరు ఘాటు మలుపులో హారన్ మ్రోగదు. అంతకంటె ఘోరము, ఎయిర్ బ్యాగు ఉన్నదనుకొని పోవుచుందుము, అది ఉండదు. పలకమీద ఎఱ్ఱని ఎయిర్ బ్యాగు దీపము వెలిగి ఆరకున్నచో సంగతి ఇదియేనని తెలిసికొనవలెను. ఆ దీపమును ఆర్పుటకు బల్బు తీసివేయు సలహా ఎవరైన ఇచ్చినచో, ఆ దుకాణమునకు మఱి పోవలదు.

మీటలు లేని కారునకు వేఱు ఉపాయము లేదా? కలదు. చక్రమునకు పట్టీతో కట్టుకొను చిన్న రిమోటు మీటలు దొరకును. లోపల బిళ్ళంత బ్యాటరీ, తీగ లేదు. చక్రము ఊడదీయ నక్కఱలేదు. నడుమనున్న ఎయిర్ బ్యాగు మూత మీదికి రాకుండ, బొటనవ్రేలి కందునట్లు వలయము మీదనే కట్టవలెను. అందము తక్కువ, క్షేమము ఎక్కువ.

ఇంతవఱకు యంత్రము మాట. ఇప్పుడు చట్టము మాట. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, నడుపుచు చేత ఫోను పట్టుట మోటారు వాహనముల చట్టము 184వ విభాగము క్రింద ప్రమాదకరముగా నడుపుటగా లెక్కింపబడును. మొదటిసారి 1,000 నుండి 5,000 రూపాయల వఱకు జరిమానా, లేక ఆఱు నెలలనుండి సంవత్సరము వఱకు జైలు, లేక రెండును. దారి చూచుకొనుటకు మాత్రము, ఏకాగ్రత చెడని విధముగా వాడుకొనవచ్చునని 2020 అక్టోబరు 1 నుండి నియమము వచ్చినది. చక్రము మీది మీటతో మాటలాడువాని చేతిలో ఫోను లేదు. చట్టము దృష్టిలో అతనికి కొంత ఊరట.

కాని రోడ్డు చట్టపుస్తకము చదువదు. 1997లో కెనడాలో రెడెల్మైయర్, టిబ్షిరానీ అను ఇరువురు, ఫోనులుండి ప్రమాదములలో చిక్కిన 699 మంది నడపువారి ఫోను లెక్కలను పరిశీలించిరి. ఫోనులో మాటలాడునప్పుడు ప్రమాదపు అవకాశము సుమారు నాలుగు రెట్లు పెరుగుననియు, చేత పట్టకుండ మాటలాడినవారికి అదనపు రక్షణ యేదియు కనబడలేదనియు వారు తేల్చిరి. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున, ప్రమాదములలో ఆసుపత్రి పాలైన నడపువారి మీద జరిగిన పరిశోధనయు ఇదే చెప్పినది. అనగా మనము ఇంతసేపు తీగలు కలిపి, మీటలు నేర్పి విడిపించినది చేతిని మాత్రమే. మనస్సును కాదు.

మఱి మేమే గదా కారులో రేడియో వినుమని చెప్పువారము అని శ్రోతలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. రేడియో మాటలాడును గాని జవాబు కోరదు. ఎదురుగా లారీ వచ్చినప్పుడు వార్తలలో రెండు వాక్యములు వినకపోయినను వార్తలు చదువువారికి కోపము రాదు. ప్రక్క కూర్చున్న మనిషి జవాబు కోరును గాని రోడ్డును తానును చూచుచుండును. మలుపు వచ్చినప్పుడు తానే మాట ఆపును, “చూసి, చూసి” అనును. ఫోనులోని మనిషి జవాబు కోరును, రోడ్డును చూడడు. మాట ఆగినచో “హలో, హలో” అనును. ప్రమాదము ఆ రెంటి కలయికలోనున్నది.

అట్లయినచో ఈ మీట లెందులకు? ఒకే యొక్క వాక్యము కొఱకు. పిలుపు వచ్చినప్పుడు చూపు రోడ్డునుండి త్రిప్పక, చేయి చక్రమునుండి తీయక, బొటనవ్రేలితో మీట నొక్కి, “బండి మీద ఉన్నాను, ఆపి మాటలాడెదను” అని చెప్పి, రెండవ మీటతో పెట్టివేయుటకు. మ్రోగుచున్న ఫోను ఎత్తకున్నచో మనసు దానిమీదనే యుండును: ఆసుపత్రినుండియా, పొలమునుండియా, బిడ్డ బడినుండియా అని. ఆ ఒక్క వాక్యముతో మనసు తేలికపడును. పిదప విశాలమైన చోటు చూచి, రోడ్డు దిగి, బండి ఆపి, కావలసినంతసేపు మాటలాడుడు. తీగల పనికి పెట్టిన సొమ్ము ఆ వాక్యముతో గిట్టును. గంటసేపు సంసారపు చిక్కులు మాటలాడుటకు వాడినచో, మనము ప్రమాదమును సౌకర్యముగా అమర్చుకొన్నట్లే.

ఇందులో ఇంటనున్నవారి పాలు నడపువాని పాలుకంటె తక్కువ కాదు. విశాఖనుండి చోడవరమునకు ఏబది కిలోమీటర్లకు అటునిటు. రాత్రిపూట గంటన్నర పట్టవచ్చును. ఇంటిలో అన్నము చల్లారుచుండును, తల్లికి ఆత్రుత, భార్యకు ఆత్రుత. ఎచ్చటికి వచ్చితివని అయిదు నిమిషముల కొకసారి పిలుతురు. ప్రేమతోనే పిలుతురు. కాని ప్రతి పిలుపును, చీకటిలో దీపము లేని ట్రాక్టరు వెనుక వచ్చుచున్న వాని చెవిలో పడుచున్నదని మరువరాదు. అందుచేత ఇంటింట ఒక మర్యాద ఏర్పఱచుకొనుడని మా కోరిక. పిలిచినవారు మొదటి మాటగా, “బండి నడుపుతున్నావేటి బాబూ?” అని అడుగవలెను. “అవునమ్మా, వడ్డాది దాటినాక ఆపి మాటాడతాను” అని అతడనినచో, “సరే, నిదానంగా రా” అని పెట్టివేయవలెను. ఏమైనదనియు, ఎందులకనియు, ఒక్క మాటేయనియు పొడిగింపరాదు. బయలుదేరినప్పుడొకసారి, చేరునప్పుడొకసారి చెప్పుట ఇంటి నియమమైనచో నడుమ పిలుపులకే పనిలేదు.

యజమానులకు, అద్దెకార్లు నడిపించువారికి కూడ ఈ మాట వర్తించును. డ్రైవరును రోడ్డు మీదనున్నాడని తెలిసియే పదిసారులు పిలిచి, ఎత్తనందుకు కోపించువారు, ఆ బండిలో కూర్చున్న కుటుంబము ప్రాణములతో ఆడుకొనుచున్నారు. ద్విచక్రములవారిలో పెక్కుమందికి ఈ మీటల సౌకర్యము లేదు. మెడకును భుజమునకును నడుమ ఫోను నొక్కిపట్టి పోవువారిని చూచినచో పిలుచుటయే మానవలెను.

తీగలు కలుపు పని ఒక పూటలో ముగియును. తెలిసిన ఆటో ఎలక్ట్రీషియను చేతికి అప్పగించి, ప్రక్కన నిలుచుండి, మీటరుతో చూచినాడా, కప్లర్ వాడినాడా, పసుపుపచ్చ తీగల జోలికి పోలేదుగదా, ఫోను మీటలు రెండును నేర్పినాడా, ఈ నాలుగును చూచుకొనుడు. ఇంటిలో మర్యాద నేర్పుకొనుటకు మాత్రము ఒక పూట చాలదు, కొన్నాళ్ళు పట్టును. ఈ ప్రసంగము చదువుచున్న ఇంటివారిలో ఎవరైన ఈ సమయమున రోడ్డు మీద నున్నచో, దయచేసి ఇప్పుడు పిలువకుడు. చేరిన పిదప వారే పిలుతురు.